పరీక్షలో నెగ్గిన పాలు

తెల్లవారుజామునే పల్లెలో పాల కేంద్రం తలుపు తెరుచుకుంటుంది. క్యాన్లు, స్టీలు బిందెలు, కొందరి చేతుల్లో రెండు లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలు. కేంద్రం నడిపే మనిషి ఒక్కొక్కరి పాలూ కొలిచి, చిన్న గిన్నెలోకి కొద్దిగా నమూనా తీసి యంత్రం గొట్టానికి అందిస్తాడు. కాసేపటికి తెర మీద అంకెలు వస్తాయి. ఒకటి వెన్న శాతం. రెండోది ఎస్.ఎన్.ఎఫ్., అంటే వెన్న పోగా పాలలో మిగిలే ఘనపదార్థం: ప్రోటీన్, లాక్టోజ్, లవణాలు. లీటరు ధర ఆ రెండింటి మీదే కడతారు. గేదె ఏం మేసిందో, పాలు ఎప్పుడు పితికారో, ఇక్కడికి వచ్చేలోగా ఎన్ని చేతులు మారాయో చీటీలో ఉండదు.

ఆ చీటీ విలువ తక్కువేమీ కాదు. అది రాకముందు పాలకు ధర చెప్పేది దళారి నోరే. చిక్కటి పాలు పోసిన ఒంటి గేదె ఆసామికీ, నీళ్ల పాలు పోసినవాడికీ ఒకే ధర కట్టే అన్యాయం యంత్రంతో చాలావరకు పోయింది. కానీ ఒక అంకెకు డబ్బు ముడిపడ్డాక, మంచి పాలు పోయడం కంటే ఆ అంకెను కల్పించడం చౌకగా కనబడే మనుషులు ఎక్కడో ఒకచోట బయల్దేరతారు. పాలలో నీళ్లు కలిపితే సాంద్రత కొలిచే లాక్టోమీటరు పట్టేస్తుంది. కనుక నీళ్లతోపాటు చక్కెరో, ఉప్పో, యూరియానో వేసి సాంద్రతను మళ్లీ పైకి లేపుతారు. యూరియా బస్తా మీద 46 శాతం నత్రజని అని అచ్చు వేసి ఉండటం రైతులందరికీ తెలిసిందే. పొలానికి బలమిచ్చే ఆ నత్రజనే పాల పరీక్షను మోసం చేయడానికీ పనికొస్తుంది. ఎందుకో తెలియాలంటే 1883లో కోపెన్‌హాగెన్‌కు వెళ్లాలి.

అక్కడ కార్ల్స్‌బర్గ్ అనే బీరు కంపెనీ ప్రయోగశాలలో యోహాన్ కెల్డాల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పనిచేసేవాడు. ధాన్యంలో ప్రోటీన్ ఎంతుందో త్వరగా తేల్చడం అతని ముందున్న పని. ప్రోటీన్‌ను నేరుగా తూచడం కష్టం. అయితే పిండిపదార్థంలోనూ కొవ్వులోనూ నత్రజని ఉండదు, ప్రోటీన్‌లో ఉంటుంది. కనుక ఆహారాన్ని గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మరిగించి, అందులోని నత్రజనిని అమ్మోనియాగా మార్చి కొలిచి, ఆ తూకాన్ని ఒక సంఖ్యతో గుణిస్తే ప్రోటీన్ ఎంతో వచ్చేస్తుంది. పాలకు ఆ సంఖ్య 6.38. ఎంతో తెలివైన పద్ధతి. ప్రపంచమంతా దాన్ని వందేళ్లకు పైగా నమ్మింది, నమ్మదగినదే కూడా. ఆ నమ్మకం కింద ఒక ఊహ దాగి ఉంది: పాలలో నత్రజని ఉంటే అది ప్రోటీన్ నుంచే వచ్చి ఉంటుందని. ఆవు విషయంలో ఆ ఊహ దాదాపు నిజమే, మనిషి విషయంలో కాదు.

మెలమిన్ అనే తెల్లటి పొడి ఉంది. పగలని పళ్లేలు, వంటింటి గట్టు మీద అతికించే లామినేట్ రేకులు దాని రెసిన్‌తో చేస్తారు. దాని బరువులో మూడింట రెండు వంతులు నత్రజనే. లెక్క వేసి చూడండి: ఒక గ్రాము మెలమిన్ కెల్డాల్ పరీక్షకు నాలుగు గ్రాములకు పైగా ప్రోటీన్‌లా కనిపిస్తుంది.

2007లో ఉత్తర అమెరికాలో పెంపుడు పిల్లులూ కుక్కలూ మూత్రపిండాలు దెబ్బతిని చనిపోసాగాయి. వాటి మేతలో వాడిన గోధుమ గ్లూటెన్ చైనా నుంచి వచ్చింది, అందులో మెలమిన్ దొరికింది. వందకు పైగా బ్రాండ్ల మేతను వెనక్కి తెప్పించారు. నత్రజని లెక్కను మోసగించే వ్యాపారం నడుస్తోందని ఆ రోజే లోకానికి తెలిసింది. అదే పొడి పసిపిల్లల పాలడబ్బాల్లోకి రావచ్చునా అనే ప్రశ్న వేసుకుని, మెలమిన్ పరీక్షను అప్పుడే మొదలుపెట్టి ఉంటే తరవాతి ఏడాది కథ వేరుగా ఉండేది.

చైనాలో హెబెయ్ రాష్ట్ర రాజధాని షిజియాజువాంగ్. అక్కడి సాన్‌లూ కంపెనీ పాలపొడి సామాన్య కుటుంబాలు కొనగలిగిన ధరకు దొరికేది. న్యూజిలాండ్‌కు చెందిన ఫాంటెరా సంస్థకు అందులో 43 శాతం వాటా. రెండు మూడు ఆవులున్న చిన్న రైతుల దగ్గర పాలు సేకరించేది కంపెనీ కాదు, మధ్యలో ఉన్న పాల స్టేషన్లు. కంపెనీ ప్రోటీన్ శాతం చూసి కొనేది, తక్కువైతే ట్యాంకరును తిప్పి పంపేది. ఆ స్టేషన్లకు ‘ప్రోటీన్ పొడి’ పేరుతో ఒకడు మెలమిన్ మిశ్రమం తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. పాలలో నీళ్లు, నీళ్లలో పొడి. ట్యాంకరు గేటు దాటింది.

మెలమిన్ ఒక్కటే అయితే పెద్దవాళ్లకు అంత తొందరగా ముప్పు తేదు, చాలావరకు మూత్రంలో పోతుంది. పసిబిడ్డ సంగతి వేరు. అప్పుడే పుట్టిన బిడ్డల మూత్రంలో యూరిక్ ఆమ్లం ఎక్కువగా ఉంటుంది. మెలమిన్, యూరిక్ ఆమ్లం అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని నీటిలో కరగని స్ఫటికాలుగా మారతాయి. ఆ స్ఫటికాలు మూత్రపిండాల్లో రాళ్లవుతాయి. పైగా డబ్బాపాల మీద పెరిగే బిడ్డకు అదే అన్నం, అదే నీళ్లు. ఒంటి బరువుతో పోల్చి చూస్తే ఏ పెద్ద మనిషీ ఒక్క పదార్థాన్ని అంతగా తినడు. మామూలు ఎక్స్‌రేలో ఆ రాళ్లు సరిగా కనబడవు, అల్ట్రాసౌండ్ తీయాలి. నెలల పిల్లలకు మూత్రపిండాల్లో రాళ్లేమిటని డాక్టర్లే మొదట తబ్బిబ్బయ్యారు.

కంపెనీకి ఫిర్యాదులు 2007 డిసెంబరు నుంచే అందాయి. బిడ్డ మూత్రం ఎర్రగా వస్తోందనీ, గుడ్డ మీద ఇసుకలాంటివి కనబడుతున్నాయనీ తల్లిదండ్రులు చెబుతూనే ఉన్నారు. 2008 ఆగస్టు 1న కంపెనీ చేయించిన పరీక్షలో మెలమిన్ ఉన్నట్టు రూఢి అయింది. మర్నాడు ఫాంటెరాకూ, షిజియాజువాంగ్ నగర ప్రభుత్వానికీ తెలిసింది. ఆగస్టు 8న బీజింగ్ ఒలింపిక్స్ ఆరంభం. నగర ప్రభుత్వం నోరు మెదపలేదు. న్యూజిలాండ్ ప్రధాని హెలెన్ క్లార్క్ ప్రభుత్వం సెప్టెంబరులో నేరుగా బీజింగ్‌కు చెప్పాకగాని కదలిక రాలేదు. సెప్టెంబరు 11న విషయం బయటికొచ్చింది. ఆ నలభై రోజులూ తల్లులు అదే డబ్బా మూత తీసి అదే పొడి కలిపారు.

ఆ ఏడాది చివరికి చైనా ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం దాదాపు 2,94,000 మంది పసిపిల్లలకు హాని జరిగింది. 50 వేలమందికి పైగా ఆసుపత్రుల్లో చేరారు. ఆరుగురు చనిపోయారు. 109 కంపెనీలను తనిఖీ చేస్తే 22 కంపెనీల పాలపొడిలో మెలమిన్ ఉంది. సాన్‌లూ పొడిలో ఒకచోట కిలోకు 2,563 మిల్లీగ్రాములు కనబడింది. పసిపిల్లల పాలపొడిలో కిలోకు ఒక మిల్లీగ్రాము మించరాదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ 2010లో హద్దు గీసింది. ఇంకొకటి కూడా చెప్పాలి. నాణ్యతలో పేరున్న కంపెనీ అని ప్రభుత్వమే సాన్‌లూకు తనిఖీల నుంచి మినహాయింపు ఇచ్చి ఉంది. సంగతి బయటపడ్డాక ఆ మినహాయింపుల పద్ధతినే రద్దు చేశారు. కంపెనీ అధిపతికి యావజ్జీవ శిక్ష పడింది. పొడి చేసినవాడికీ, కలిపి అమ్మిన పాల స్టేషను యజమానికీ 2009 నవంబరులో మరణశిక్ష అమలు చేశారు. భారతదేశం 2008లోనే చైనా పాల ఉత్పత్తుల దిగుమతిని నిషేధించింది.

ఈ కథను ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఆహార భద్రత గురించి మనం నేర్చుకున్నదంతా సూక్ష్మజీవుల్ని ఎదుర్కొంటూ నేర్చుకున్నదే. సాల్మొనెల్లా అనే బాక్టీరియాకు మనం ఏ పరీక్ష చేస్తున్నామో తెలియదు. మనం ఎక్కడ కాపలా ఉంటే అక్కడ తప్పించుకుని వేరే దారిన రావాలని దానికి పథకం ఉండదు. వేడి చేస్తే చస్తుంది, చల్లబెడితే పెరగదు. ఉద్దేశపూర్వకంగా కలిపే మనిషి ప్రశ్నపత్రం ముందే చేతికి చిక్కిన విద్యార్థిలాంటివాడు. ఏం అడుగుతారో తెలుసు కనుక దానికే జవాబు రాసుకొస్తాడు. అతని మార్కులు చూసి ఏమీ తేల్చలేం.

అంతరిక్ష యాత్రికుల భోజనం కోసం నాసా, పిల్స్‌బరీ కంపెనీ కలిసి 1960లలో ఒక పద్ధతి తయారుచేశాయి. తయారైన ఆహారాన్ని పరీక్షించి భద్రత తేల్చాలంటే చేసినదంతా పరీక్షలకే అయిపోతుంది. కనుక తయారీ గొలుసులో ఎక్కడెక్కడ ప్రమాదం చొరబడగలదో ముందే గుర్తించి, అక్కడే కట్టడి చేయాలన్నారు. నేడు ప్రపంచంలోని పెద్ద ఆహార కర్మాగారాలు చాలావరకు పాటించే హెచ్.ఎ.సి.సి.పి. విధానం అదే. గొప్ప ఆలోచన. అయినా ప్రమాదాల పట్టికలో సూక్ష్మజీవి ఉంటుంది, గాజుపెంకు ఉంటుంది, పురుగుమందు అవశేషం ఉంటుంది. కోపంతోనో దురాశతోనో ఉన్న మనిషికి ఆ పట్టికలో చాలాకాలం చోటు లేదు.

చోటు లేకపోతే ఏమవుతుందో 1984లో అమెరికాలోని ఒరెగన్ రాష్ట్రంలో తెలిసింది. ది డాల్స్ అనే చిన్న పట్టణంలో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో 751 మంది సాల్మొనెల్లాతో జబ్బుపడ్డారు. వాళ్లంతా తిన్నది పది రెస్టారెంట్లలో, ఎక్కువమంది సలాడ్ బార్లలో. ప్రజారోగ్య శాఖవారు శ్రద్ధగానే దర్యాప్తు చేశారు. పది హోటళ్లకూ ఉమ్మడిగా సరుకు పంపిన సరఫరాదారుడు లేడు, నీళ్లు బాగానే ఉన్నాయి. చివరికి వంటవాళ్ల చేతుల శుభ్రతే కారణం కావచ్చని రాశారు. ఎవరో కావాలని చేసి ఉంటారన్న అనుమానం వినబడినా దాన్ని పక్కన పెట్టారు. ఏడాది తరవాత, 1985 సెప్టెంబరులో, అదే కౌంటీలో ఉన్న రజనీష్‌పురం ఆశ్రమం నుంచి రజనీష్ స్వయంగా విలేఖరుల్ని పిలిచి, తన అనుచరుల్లో కొందరు ఈ పని చేశారని ఆరోపించాడు. తెలుగు పాఠకులు ఓషోగా ఎరిగిన ఆయనే. పోలీసులు ఆశ్రమంలోని ప్రయోగశాల సోదా చేస్తే రోగుల్లో దొరికిన రకం బాక్టీరియానే సీసాలో దొరికింది. కౌంటీ ఎన్నికల్లో పట్టణవాసులు ఓటు వేయలేకుండా చేయడమే వాళ్ల ఉద్దేశం. అదృష్టం కొద్దీ ఎవరూ చనిపోలేదు. దర్యాప్తు చేసినవారిని నేను తప్పుపట్టలేను. అయితే ‘ఎలా జరిగింది’ అన్న ప్రశ్న పక్కనే ‘ఎవరైనా జరిపించారా’ అన్న ప్రశ్నా ఉండాలని ఆ పట్టణం నేర్పింది. ఆ దర్యాప్తు వివరాలను వైద్య పత్రికలో అచ్చు వేసింది 1997లో. చదివి మరొకరు అనుకరిస్తారేమోనని అన్నాళ్లు ఆపారు.

మరి రక్షణ ఎలా? అమెరికా 2011లో ఆహార భద్రతా చట్టాన్ని తిరగరాసి, దాని కింద 2016లో ఉద్దేశపూర్వక కల్తీ మీద ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. పెద్ద కర్మాగారాలు తమ తయారీ గొలుసును కొత్త కళ్లతో చూడాలని అవి చెబుతాయి. ఒక్క మనిషి చేసిన పని వేలమంది పళ్లేల్లోకి వెళ్లగల చోటు ఏది? ఆ చోటికి ఎవరెవరు వెళ్లగలరు? వెళ్లినవాడిని చూసే కన్ను ఉందా? తేలే సంగతి ఒకటే. ప్యాకెట్ అయిపోయిన సరుకు కంటే, ద్రవంగానో పొడిగానో పెద్ద మొత్తంలో ఒకచోట కలిసే దశ మీద కాపలా ఎక్కువ ఉండాలి. అక్కడ మూతలకు తాళాలు, ట్యాంకరు వాల్వులకు నంబరు వేసిన సీళ్లు, ఒంటరిగా ఎవరూ పనిచేయకుండా ఇద్దరేసి మనుషులు. ఇవి ఖరీదైన పరికరాలు కావు. మన డెయిరీ ట్యాంకర్లకూ సీళ్లు వేస్తారు. సీలు నంబరు చీటీలో రాయడం, గేటు దగ్గర ఆ నంబరును సరిపోల్చి చూశాకే వాల్వు తెరవడం, రెండూ జరిగితేనే ఆ ప్లాస్టిక్ ముక్కకు అర్థం.

పరీక్షలూ మారుతున్నాయి. ‘ఇందులో మెలమిన్ ఉందా?’ అని అడిగితే మెలమిన్ ఒక్కదానికే జవాబు వస్తుంది. రేపు ఇంకో పొడి వస్తే ఆ ప్రశ్న వృథా. అందుకే ఇప్పుడు ‘ఇది పాలలాగానే ఉందా?’ అని అడిగే పద్ధతులు వచ్చాయి. పాలగుండా పరారుణ కాంతిని పంపితే, అందులోని ఒక్కో రసాయన బంధం ఒక్కో తరంగదైర్ఘ్యాన్ని మింగుతుంది. మిగిలి బయటికొచ్చే కాంతి గీతలో ఎత్తుపల్లాలు కనిపిస్తాయి. వేలాది అసలు పాల నమూనాల గీతల్ని ముందుగా పోగుచేసుకుంటే, వాటితో పొసగనిది రాగానే యంత్రం వేలెత్తి చూపుతుంది. అదేమిటో దానికి తెలియనక్కర్లేదు. తరవాత మాస్ స్పెక్ట్రోమీటరు ఉన్న ప్రయోగశాల తేలుస్తుంది. అయితే డెన్మార్క్ ఆవుల గీతలతో మన ముర్రా గేదె పాలను కొలిస్తే మంచి పాలే దొంగపాలుగా కనబడతాయి. మేతా, ఎండాకాలమూ, ఈత కూడా పాలను మారుస్తాయి. ఇక్కడి పశువులకు ఇక్కడి గీతలే కావాలి, అవి మన విశ్వవిద్యాలయాలూ డెయిరీలూ కూర్చుని ఏళ్ల తరబడి పోగుచేయాల్సిన పని.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. లాభం కోసం కలిపేవాడు ఎంతో కొంత గట్టి మోతాదులో కలపాలి, లేకపోతే అతనికి గిట్టదు. అంత మోతాదు గీతలో కనబడుతుంది. పగతో కలిపేవాడికి గిట్టుబాటు లెక్క లేదు. అతని మీద యంత్రం కంటే పక్కనున్న మనిషే మంచి కాపలా. 2013 చివర్లో జపాన్‌లోని గున్మాలో ఒక శీతల ఆహార కర్మాగారం నుంచి వచ్చిన పిజ్జాల్లో, క్రొకెట్లలో మలాథియాన్ అనే పురుగుమందు వాసన వచ్చింది. 64 లక్షల ప్యాకెట్లు వెనక్కి తెప్పించాల్సి వచ్చింది. చేసింది జీతం మీద అసంతృప్తితో ఉన్న ఒప్పంద కార్మికుడు. అంతకుముందు 2008లో జపాన్ వాళ్లను జబ్బు పడేసిన చైనా డంప్లింగ్‌ల కేసులోనూ పట్టుబడింది జీతం, ప్రతిఫలం విషయంలో రగిలిపోతున్న కర్మాగారం ఉద్యోగే. వాళ్లు చేసింది నేరమే, అందులో రెండో మాట లేదు. కానీ ఆహార కర్మాగారంలో కార్మికుడి గోడు వినే దారి లేకపోవడం కూడా ప్రమాదాల పట్టికలో రాయవలసిన ప్రమాదమే. కెమెరాల కొనుగోలుకు డబ్బు కేటాయించే యాజమాన్యాలు ఈ మాట ఎందుకో చాలా ఆలస్యంగా ఆలోచిస్తాయి.

మన గడప దగ్గరి ఉదాహరణ మిరపది. 2003లో ఫ్రాన్స్‌లో తనిఖీ చేసిన భారతదేశపు కారం సరుకులో సూడాన్ 1 అనే ఎర్రరంగు దొరికింది. మైనం, పాలిష్‌లకు వాడే రంగు అది, ఆహారంలో నిషిద్ధం. యూరప్ దేశాలు వెంటనే ప్రతి సరుకుకూ పరీక్షా పత్రం కావాలన్నాయి. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో, సూడాన్ కలిసిన కారప్పొడి వూస్టర్ సాస్‌లోకీ, ఆ సాస్ ఇంకెన్నో తయారీ వంటకాల్లోకీ వెళ్లిందని తేలింది. నాలుగు వందలకు పైగా సరుకులు దుకాణాల నుంచి తీసేశారు. ఎక్కడో పొడి పట్టేచోట గుప్పెడు రంగు పడితే దాని అడుగుజాడలు ఎంత దూరం పాకుతాయో చూడండి. ఎందుకు కలుపుతారు? ఎండుమిర్చికి రంగును బట్టి ధర. నిల్వలో రంగు వెలుస్తుంది, అందుకే గుంటూరు చుట్టూ అన్ని శీతల గిడ్డంగులు. మళ్లీ ఒక అంకెకు డబ్బు ముడిపడి ఉంది. కళ్లంలో కాయలు ఆరబెట్టే రైతు రంగు కలపడు. అయినా ఎగుమతి ఆగితే యార్డులో ధర పడిపోయేది అతనికే. ఇప్పుడు ఎగుమతయ్యే మిరపకు స్పైసెస్ బోర్డు సూడాన్ రంగుల పరీక్ష తప్పనిసరి చేసింది. గుంటూరులోనే ప్రయోగశాల ఉంది. ప్రతి సంచీ ఎవరి దగ్గర కొన్నదో, ఎవరికి అమ్మిందో ఒక మెట్టు వెనక్కీ ఒక మెట్టు ముందుకూ రాసి ఉంచితే, దోషం కనబడ్డ రోజున ఆ ఒక్క దారినే మూసి మిగతా రైతుల్ని కాపాడవచ్చు.

పాలకు మళ్లీ వద్దాం. భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో దేశమంతా 1,103 పట్టణాల్లో 6,432 పాల నమూనాలు పరీక్షించింది. తాగడానికి పనికిరాని కల్తీ అనదగ్గవి పన్నెండే దొరికాయి. మన పాలన్నీ విషమనే ప్రచారం నిజం కాదని ఆ సర్వే తేల్చింది. కానీ ఆ పన్నెండులో ఎక్కువ తెలంగాణవి. అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం కల్తీకంటే ఎన్నో రెట్లు ఎక్కువ నమూనాల్లో కనబడింది. అది ఎవరూ కలిపింది కాదు, బూజుపట్టిన దాణా నుంచి వచ్చేది. కలిపేవాడి కోసం వెతుకుతూ దాణా కొట్టును మరిచిపోకూడదు.

సాన్‌లూ కథలో అందరికంటే ముందు నిజం కనిపెట్టింది ఏ యంత్రమూ కాదు, బిడ్డ గుడ్డ ఉతికిన తల్లి. ఆమె మాట తొమ్మిది నెలలదాకా లోకానికి వినబడలేదు. మన 2006 ఆహార భద్రతా చట్టంలో 40వ సెక్షన్ ఉంది. కొనుక్కున్న ఏ వినియోగదారుడైనా ఆ సరుకును రుసుము కట్టి ప్రభుత్వ ఫుడ్ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. పరీక్షకు పంపుతున్నానని అమ్మినవాడికి కొన్నప్పుడే చెప్పాలి. సరుకు చట్టానికి విరుద్ధమని తేలితే కట్టిన రుసుము తిరిగిస్తారు. ఆ ప్రాంతపు ఫుడ్ సేఫ్టీ అధికారి పేరు, ఫోను నంబరు పాల కేంద్రం గోడ మీదా, రేషన్ దుకాణం గోడ మీదా, అంగన్‌వాడీ గోడ మీదా రాసి ఉండాలి. ఫిర్యాదు చేసినవారికి ఒక నంబరు ఇచ్చి, ఆ నంబరుకు జవాబు ఫలానా తేదీలోగా వస్తుందని అక్కడే రాయాలి. ఒకే జిల్లాలో ఒకే సరుకు మీద ఒకే వారంలో మూడు ఫిర్యాదులు వస్తే, నాలుగోది వచ్చేదాకా ఆగకుండా నమూనా తీయాలి.